హార్మోన్ మాత్రలు పడలేదంటే, ఏది పడనట్టు?

మొన్న ఎండాకాలంలో తాడిపత్రి నుంచి మా పెద్దమ్మ కూతురు వచ్చింది. మంచినీళ్లు తాగీ తాగకముందే చేతిసంచిలోంచి సగం వాడిన మాత్రల అట్టలు రెండు తీసి నా ముందు పడేసింది. "ఇవి నాకు పడల్యా మే. నువ్వు కాలేజీలో ఇవే కదా చెప్పేది, చూడు" అంది.

అక్కకు 49 ఏళ్లు. ముట్టు ఆగి ఏడాదిన్నర అయింది. రాత్రి రెండు మూడు సార్లు ఒళ్లంతా సెగలు కమ్మి, జాకెట్టు పిండితే నీళ్లు కారేంత చెమట పట్టి లేచి కూర్చునేది. నిద్ర లేక పొద్దున్నే ఎవరో ఒకరి మీద అరిచేది. అనంతపురంలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి రెండు రకాల హార్మోన్ మాత్రలు రాసింది. అక్క పద్దెనిమిది రోజులు వేసుకుంది. సెగలు సగానికి తగ్గాయి, ఆ మాట ఆమే ఒప్పుకుంది. కానీ రొమ్ములు బరువెక్కి, తాకితే నొప్పి. పొద్దున్నే కడుపులో తిప్పడం. పొట్ట ఉబ్బరం. స్టవ్ ముందు నిలబడితే కళ్లు తిరగడం. వీటన్నిటికీ మించి రెండు రోజులు చీరకు మరక. "ఆగిపోయిన ముట్టును దుడ్డిచ్చి మళ్లీ తెప్పిచ్చుకోవల్లనా?" అని ఆపేసింది.

"పడలేదు" అనేది మనకు చాలా పనికొచ్చే మాట. వంకాయ పడదు, ఊరి నీళ్లు పడవు, అత్తకూ కోడలికీ పడదు. ఆ మాట అనేశాక ఇక ఎవరూ ఎందుకని అడగరు, మాట్లాడేదేమీ ఉండదు. హార్మోన్ మందుల దగ్గర మాత్రం ఈ మాట సరిపోదు. ఎందుకంటే హెచ్‌ఆర్‌టీ, అంటే హార్మోన్ రీప్లేస్‌మెంట్ థెరపీ, ఒకే మందు కాదు. అందులో సాధారణంగా ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అనే రెండు హార్మోన్లు ఉంటాయి. ఒక్కోదానికీ నాలుగైదు రకాలు, రెండు మూడు మోతాదులు, నోటి ద్వారానో చర్మం ద్వారానో వేరే దారుల్లోనో ఒంట్లోకి పంపే పద్ధతులు. పడనిది ఏ హార్మోనో, ఏ మోతాదో, ఏ దారో తేల్చకుండా అట్ట మొత్తం పారేస్తే, పడినది కూడా దానితోపాటే పోతుంది. అక్కకు సెగలు తగ్గిన సుఖం పోయినట్టు.

నేను డాక్టరును కాదు. ఇరవై ఏడేళ్లుగా డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతున్నదాన్ని. ఇక్కడ రాసేది మందు మార్చుకోవడానికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "పడలేదు" అనే మాట కంటే ఎక్కువ చెప్పగలగడానికి.

ఎండ వల్ల కాదు

మన జిల్లాల్లో ఈ సెగల సంగతి ఎవరూ పట్టించుకోకపోవడానికి ఎండ ఒక కారణం. మే నెలలో కర్నూలులోనో అనంతపురంలోనో 42, 43 డిగ్రీలు కాస్తుంటే, ఒళ్లు మండిపోతోందని ఒక ఆడమనిషి అంటే "మాకు మాత్రం చల్లగా ఉందా" అంటారు. కానీ డిసెంబరు రాత్రి దుప్పటి తన్నేసి ఫ్యాను వేసుకునే మనిషిని చూస్తే తేడా తెలుస్తుంది.

మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని కాపలా కాస్తుంది. మామూలుగా ఒంటి వేడి కాస్త అటూఇటూ అయినా అది పట్టించుకోదు. ముట్టు ఆగే వయసులో, అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజన్ తగ్గేసరికి అక్కడున్న కొన్ని నాడీకణాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయి, ఆ అటూఇటూ హద్దు బాగా ఇరుకైపోతుంది. వేడి ఇసుమంత పెరిగినా ఒళ్లు కాలిపోతున్నట్టు లెక్కేసి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, చెమట పట్టిస్తుంది. మూడు నాలుగు నిమిషాలకు అంతా చల్లబడి వణుకు. ఇదీ సెగల కథ. దీనికి ఈస్ట్రోజన్‌ను మించి పనిచేసే మందు ఇప్పటిదాకా లేదు. దుష్ప్రభావాల గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట మరిచిపోకూడదు, ఎందుకంటే తూకంలో రెండో పళ్లెం కూడా ఉంది.

రెండో మాత్ర ఎందుకు

అమెరికాలో బాగా పేరున్న ఈస్ట్రోజన్ మాత్ర ప్రెమారిన్ 1942లో అమ్మకానికి వచ్చింది. చూడి గుర్రాల మూత్రం నుంచి తీసేవాళ్లు, ఇప్పటికీ తీస్తారు. చాలా ఏళ్లు ఆడవాళ్లకు ఆ ఒక్కటే ఇచ్చారు. 1975లో దెబ్బ పడింది. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్లకు గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని అధ్యయనాలు బయటపెట్టాయి. ఈస్ట్రోజన్ ఆ పొరను పెంచుతూ పోతుంది, దానికి కళ్లెం వేసేది ప్రొజెస్టరాన్. అప్పటినుంచి గర్భసంచి ఉన్న మనిషికి ఈస్ట్రోజన్ ఇస్తే, ప్రొజెస్టరాన్ గానీ దానిలా పనిచేసే మందు గానీ తోడు ఇవ్వడం నియమం అయింది. సంచి తీయించుకున్నవాళ్లకు సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు.

ఇది మన దగ్గర చిన్న విషయం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్లలోపే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ, దాదాపు 9 శాతం. నడుం నొప్పి అంటే సంచి, తెల్లబట్ట అంటే సంచి అన్నట్టు తీయించుకున్నవాళ్లు మన ఇళ్లలోనే ఎంతమందో. వీళ్లలో అండాశయాలు కూడా తీసేసినవాళ్లకు ముప్పై అయిదు, నలభై ఏళ్లకే ఒక్కసారిగా మెనోపాజ్, అంటే ముట్టు ఆగే దశ, వచ్చిపడుతుంది. వీళ్లు హార్మోన్లకు భయపడాల్సినదానికంటే, అవి లేకుండా పదిపదిహేనేళ్లు గడపడానికి భయపడాలి. ఎముకలూ గుండే ఆ లోటును మోయాల్సి వస్తుంది. వద్దనే కారణమేదీ లేకపోతే, మామూలుగా ముట్టు ఆగే వయసు దాకా హార్మోన్ వాడమనే ప్రపంచంలోని వైద్య సంఘాలు చెబుతున్నాయి. మన దేశంలో ఆ వయసు సగటున 46, 47.

కాబట్టి "పడలేదు" అన్న మనిషిని నేను మొదట అడిగేది ఒకటే: సంచి ఉందా, తీశారా? ఆపరేషన్ కాగితాలు పోయి, అండాశయాలు ఉంచారో తీశారో కూడా తెలియనివాళ్లు ఉంటారు. ఆ డిశ్చార్జి కాగితం ఇంటి పట్టా అంత జాగ్రత్తగా దాచుకోవాలి.

ఎవరి పని ఏది

రొమ్ముల నొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం, తలనొప్పి ఎక్కువగా ఈస్ట్రోజన్ వైపు నుంచి వస్తాయి. మత్తు, కళ్లు తిరగడం, దిగులు, చిరాకు, మొటిమలు, పొట్ట ఉబ్బరం ప్రొజెస్టరాన్ వైపు నుంచి. గీత గీసినట్టు ఉండదు. రొమ్ముల నొప్పి, తలనొప్పి రెండింటివల్లా రావచ్చు. పండక్కో పెళ్లికో ముట్టు వాయిదా వేయడానికి మాత్రలు వేసుకుని ఉబ్బరంతో, చిరాకుతో బాధపడ్డవాళ్లకు ఈ రెండో రకం అనుభవం ముందే ఉంది. ఆ మాత్రల్లో ఉండే నోరెథిస్టెరాన్ కూడా ప్రొజెస్టరాన్ లాగా పనిచేసేదే. ఆ చేదు జ్ఞాపకంతోనే చాలామంది "హార్మోన్" అన్న మాట వినగానే వద్దంటారు. కానీ అదే పని చేసే మందుల్లో మెతకవి ఉన్నాయి. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్ మన అండాశయాలు తయారుచేసేదానికి అచ్చు నకలు. డైడ్రోజెస్టరాన్ దానికి దగ్గరి చుట్టం. ఒకటి పడకపోతే ఇంకోదానికి మార్చుకోవచ్చు.

అక్క అట్టలు తిప్పి చూశాను. ఒకటి ఈస్ట్రడయాల్, అంటే ఈస్ట్రోజన్‌లో ఒక రకం, ఇంకోటి మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్. చీటీ మీద రెండోదాని పక్కన "రాత్రి" అని రాసి ఉంది. "రెండు మాత్రలు రెండు సార్లు యాడ గుర్తుంటాయి" అని అక్క రెండూ కలిపి పొద్దున్నే, పరగడుపున మింగుతోంది. అక్కడే రెండు బాధలు తేలిపోయాయి. ప్రొజెస్టరాన్ ఒంట్లో విడిపోయేటప్పుడు పుట్టే పదార్థం మెదడు మీద నిద్రమాత్రలా పనిచేస్తుంది. అది రాత్రి పడుకునే ముందు వేసుకుంటే వరం: నిద్ర పడుతుంది. పొద్దున్నే వేసుకుని పొయ్యి ముందు నిలబడితే కళ్లు తిరగక ఏమవుతుంది? ఈస్ట్రడయాల్ మాత్ర పరగడుపున వేసుకుంటే వికారం ఎక్కువ. టిఫిన్ తిన్నాక వేసుకుంటే చాలామందికి ఆ బాధ తగ్గిపోతుంది.

ఇది విని అక్క చటుక్కున ఒక తీర్మానానికి వచ్చింది. "అయితే ఆ మత్తు మాత్ర మానేసి, సెగలు తగ్గించేది ఒక్కటే ఏసుకుంటా." ఇంతకంటే ప్రమాదమైన ఆలోచన లేదు, ఇంతకంటే సహజమైనదీ లేదు. సంచి ఉన్న మనిషి ప్రొజెస్టరాన్ మానేసి ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే 1975 నాటి కథ మళ్లీ మొదలవుతుంది. దొంగ ఎవరో తెలిసింది కదా అని కాపలావాణ్ని తరిమేసినట్టు. ఆ మందు వద్దనుకుంటే దాని స్థానంలో ఇంకోటి రావాలి, ఖాళీగా ఉండకూడదు. ఆ ఇంకోటి ఏమిటో డాక్టరమ్మే చెప్పాలి. డైడ్రోజెస్టరాన్ కావచ్చు. ఇప్పుడు మింగే ప్రొజెస్టరాన్ గుళికనే యోని మార్గంలో పెట్టుకోమనవచ్చు, దానివల్ల మత్తు తక్కువ. లేదా గర్భసంచిలో అమర్చే మిరెనా పరికరం కావచ్చు. అది హార్మోన్‌ను అక్కడికక్కడే వదులుతూ లోపలి పొరను అయిదేళ్లపాటు కాపాడుతుంది, ఒళ్లంతా పాకేది చాలా తక్కువ.

అనంతపురం మనిషిగా ఒక చిన్న మాట. కొన్ని కంపెనీల ప్రొజెస్టరాన్ గుళికల్లో మందును వేరుశనగ నూనెలో కలుపుతారు. చెనిక్కాయలు పండే జిల్లాలో చెనిక్కాయలు పడనివాళ్లు ఉండరనుకోకండి. అలర్జీ ఉంటే ముందే చెప్పాలి.

మూడు నెలల ఓపిక, ఒక్కో మార్పు

రొమ్ముల నొప్పి, వికారం, ఉబ్బరం లాంటివి చాలామందికి మూడు నెలల్లోపు సర్దుకుంటాయి. ఏడాదికి పైగా ఈస్ట్రోజన్ చాలని ఒంటికి అది తిరిగి అలవాటు కావాలి కదా. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పెంచడం మంచి పద్ధతి. పద్దెనిమిది రోజులకే తీర్పు చెప్పడం తొందరపాటు. అయితే మూడు నెలలు ఓర్చుకోమంటే పళ్లు బిగించి పడి ఉండమని కాదు. బాధ ఎక్కువైతే రెండో వారంలోనైనా వెళ్లి చెప్పాలి.

చెప్పడానికి ఆధారం కావాలి. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు కంటే మంచి రికార్డు లేదు. సెగ వస్తే ఒక చుక్క, మరక కనబడితే ఒక గుండ్రం, తలనొప్పికి ఒక గీత. ముట్టు ఆగే దశలో ఉన్నవాళ్లకు ఈస్ట్రోజన్ నెలంతా, ప్రొజెస్టరాన్ నెలలో 12 నుంచి 14 రోజులు ఇస్తారు. ఆ రోజుల్లోనే గీతలు గుంపుకట్టాయంటే నేరస్థుడు దొరికినట్టే. ముట్టు ఆగి ఏడాది దాటినవాళ్లకు రెండూ రోజూ ఇస్తారు, అక్కడ విడదీయడం కష్టం. అప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. మా ల్యాబులో పిల్లలకు చెప్పే మొదటి పాఠం ఇదే. మాత్ర, టైము, మోతాదు మూడూ ఒకేసారి మారిస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

బరువు సంగతి కూడా ఇక్కడే. మందు మొదలుపెట్టిన కొత్తలో నీరు చేరి ఒకటి రెండు కిలోలు పెరిగినట్టు అనిపించవచ్చు. కానీ హెచ్‌ఆర్‌టీ వల్ల లావైపోతారని పరీక్షల్లో తేలలేదు. మెనోపాజ్ వయసులో మందు వేసుకున్నా వేసుకోకపోయినా నడుం చుట్టూ కొవ్వు చేరుతుంది. నింద మాత్రం మాత్ర మోస్తుంది.

నోటి దారి, చర్మం దారి

మింగిన ఈస్ట్రోజన్ పేగుల నుంచి నేరుగా కాలేయానికి వెళ్తుంది. ఒళ్లంతటికీ చేరేలోపు అక్కడ కొన్ని పనులు చేసి వస్తుంది: రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లను పెంచుతుంది, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వును పెంచుతుంది, పిత్తాశయంలో రాళ్లకు కాస్త సాయం చేస్తుంది. అదే హార్మోన్‌ను చర్మం మీద జెల్‌గా రాసుకుంటే నేరుగా రక్తంలోకి వెళ్తుంది, కాలేయం దగ్గర ఆ హడావుడి ఉండదు. మామూలు మోతాదుల్లో జెల్, చర్మానికి అతికించే ప్యాచ్ వాడినవాళ్లలో కాలి రక్తనాళాల్లో రక్తపు గడ్డలు పెరిగినట్టు అధ్యయనాల్లో కనబడలేదు. అందుకే లావుగా ఉన్నవాళ్లకూ, మైగ్రేన్ ఉన్నవాళ్లకూ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లకూ, మాత్రతో వికారం తగ్గనివాళ్లకూ డాక్టర్లు చర్మం దారే చూస్తారు.

ఇంకో కారణం థైరాయిడ్. మన ఆడవాళ్లలో పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకోనివాళ్లను వెతుక్కోవాలి. మింగే ఈస్ట్రోజన్ రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను పెంచుతుంది. దానివల్ల అదే థైరాయిడ్ మాత్ర చాలకుండా పోవచ్చు. నీరసం, మలబద్ధకం, మబ్బుగా ఉండడం మొదలైతే "హార్మోన్ పడలేదు" అంటారు. నిజానికి అక్కడ తగ్గింది థైరాయిడ్. హెచ్‌ఆర్‌టీ మాత్రలు మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లో, థైరాయిడ్ సరిపోతోందో లేదో చూపే టీఎస్‌హెచ్ పరీక్ష మళ్లీ చేయించుకుంటే సరిపోతుంది. అలాగే టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే కార్బమాజెపిన్, ఫెనిటాయిన్ లాంటివి ఈస్ట్రోజన్‌ను త్వరగా కరిగించేసి దాని పని తగ్గిస్తాయి. ఏ జబ్బుకు ఏ మందు వాడుతున్నా ఆ అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లాలి.

జెల్ రాసుకోవడం మన ఎండల్లో ఒక విద్య. చెమట మీద రాస్తే మందు ఎంత ఒంట్లోకి వెళ్లిందో, ఎంత పైటకు అంటుకుందో తెలియదు. స్నానం చేసి, బాగా తుడుచుకుని, ఫ్యాను కింద చేతుల పైభాగానో తొడలమీదో పల్చగా రాసి, ఆరేదాకా ఆగాలి. రొమ్ముల మీద రాయకూడదు. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, గంటసేపైనా ఆ చోటు పిల్లలకు తగలనివ్వకూడదు. మనవళ్లను చంకనేసుకుని తిరిగే అవ్వలకు ఈ మాట మరీ మరీ చెప్పాలి. పిల్లల ఒంటికి ఆ హార్మోన్ అంటుకోవడం మంచిది కాదు. ప్యాచ్‌లు చెమటకు ఊడిపోతాయి, అతికించిన చోట దురద పెడతాయి. మన వాతావరణానికి నా ఓటు జెల్‌కే.

మంట, పొడిబారడం, మూత్రంలో పదేపదే ఇన్ఫెక్షన్, కలయిక నొప్పి. వీటి గురించి అక్కాచెల్లెళ్లు కూడా గుసగుసగానే మాట్లాడుకుంటారు. బాధ ఇంతవరకే అయితే ఒళ్లంతటికీ హార్మోన్ అక్కర్లేదు. యోనిలో పెట్టుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీములున్నాయి, రక్తంలోకి వెళ్లేది అతి తక్కువ. పైన చెప్పిన దుష్ప్రభావాల్లో చాలావాటి గొడవ వీటికి లేదు.

మరక కనబడినప్పుడు

అక్కను మందు మాన్పించింది నిజానికి వికారమూ కాదు, మత్తూ కాదు. మరక. ముట్టు ఆగడం మన ఇళ్లలో ఒక విడుదల. ఇక బయట ఉండక్కర్లేదు, పూజగదిలోకి ఎప్పుడైనా వెళ్లొచ్చు, తేదీ లెక్కేయకుండా తిరుమలకు టికెట్లు తీసుకోవచ్చు, యాభై దాటాక శబరిమలకు మాల వేసుకోవచ్చు. ఆ స్వేచ్ఛ వచ్చిన ఏడాదికే మళ్లీ మరక కనబడితే ఆ మనిషికి కలిగే బెంగ ఏ మందుల కాగితంలోనూ రాసి ఉండదు. డాక్టర్లు దీన్ని ముందే చెబితే సగం మంది మందు మధ్యలో మానరు. ఈ విషయంలో నాకు కాస్త కోపమే ఉంది. నాకు ఇదే వయసులో మాత్రలు రాసిన ఒక క్లినిక్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. నెల రోజులు క్యాన్సరేమో అన్న టెన్షన్‌తో గడిపాను.

ఆ చెప్పని ముక్క ఇది. ప్రొజెస్టరాన్ నెలలో కొన్ని రోజులే వాడే పద్ధతిలో, ఆ రోజులు అయ్యాక ముట్టులాగే రక్తం కనబడుతుంది. అది ఆ పద్ధతిలో రావాల్సిందే. పొర పెరిగిపోకుండా రాలిపోతోందని గుర్తు. మళ్లీ గర్భం వచ్చే శక్తి తిరిగి వచ్చిందని కాదు. రెండూ రోజూ వాడే పద్ధతిలో మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనబడడం మామూలే, తర్వాత ఆగిపోతుంది. మందు వేళ తప్పినా, ఒక రోజు మరిచిపోయినా మరక వస్తుంది.

ఆరు నెలలు దాటినా ఆగకపోతే, లేదా పూర్తిగా ఆగిపోయి నెలల తర్వాత మళ్లీ మొదలైతే, లేదా గడ్డలుగా ధారగా పడితే ఆలస్యం చేయకూడదు. స్కానింగ్‌లో లోపలి పొర మందం చూస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. హార్మోన్ ఏదీ వాడకుండా, ముట్టు ఆగి ఏడాది దాటాక కనబడే రక్తం ఒక్క చుక్కైనా సరే, చూపించుకోవాల్సిందే. "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకునే విషయం కాదు.

దీనికే అంటుకుని ఇంకో మాట. హెచ్‌ఆర్‌టీ గర్భనిరోధక మందు కాదు. ఆపరేషన్ చేయించుకోని దంపతులైతే, యాభైలోపు ముట్టు ఆగినవాళ్లు రెండేళ్లు, యాభై దాటాక ఆగినవాళ్లు ఏడాది జాగ్రత్త పడాలి.

క్యాన్సర్ లెక్క

ఇక అందరి మనసులోనూ ఉండి, ఎవరూ గట్టిగా అడగని భయం. దాని మూలం 2002 జులై. విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో, రెండు హార్మోన్లూ కలిపిన మాత్ర ఇచ్చిన భాగాన్ని మధ్యలో ఆపేశారు. 16,608 మంది ఆడవాళ్లు అందులో ఉన్నారు. "రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగింది" అని ప్రపంచమంతా పత్రికలు రాశాయి. నూటికి ఇరవై ఆరుగురికి క్యాన్సర్ వచ్చిందని జనం అర్థం చేసుకున్నారు. అసలు లెక్క వేరు. మాత్ర వేసుకోని పదివేల మందిలో ఏడాదికి 30 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, వేసుకున్న పదివేల మందిలో 38 మందికి. తేడా 8 మంది. గుండె జబ్బు 7, పక్షవాతం 8, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ 8 ఎక్కువ. అదే సమయంలో పెద్దపేగు క్యాన్సర్ 6, తుంటి విరగడం 5 తక్కువ.

ఎనిమిది చిన్న సంఖ్య అని కొట్టిపారేయను, ఆ ఎనిమిదిలో ఒకరైన మనిషికి అది నూటికి నూరు. కానీ ఆ పరీక్షలో చేరిన ఆడవాళ్ల సగటు వయసు 63. ముట్టు ఆగి పదిపదిహేనేళ్లు అయినవాళ్లే ఎక్కువ. వాడింది గుర్రపు మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్, దానితో మెడ్రాక్సీప్రొజెస్టరాన్ అనే కృత్రిమ మందు. సంచి లేనివాళ్లకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగాన్ని 2004లో పక్షవాతం ముప్పు చూసి ఆపారు, కానీ అందులో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. తర్వాతి ఏళ్ల లెక్కల్లో తగ్గింది కూడా. అంటే ఇక్కడా ప్రశ్న అదే: ఏ హార్మోన్, ఏ వయసులో, ఎన్నేళ్లు?

అరవై ఏళ్లలోపు, లేదా ముట్టు ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకు లాభమే ఎక్కువని ఇప్పుడు నిపుణుల మాట. రెండు హార్మోన్లూ కలిపి వాడేవాళ్లకు రొమ్ము క్యాన్సర్ ముప్పు ఏళ్లు గడిచేకొద్దీ కాస్త కాస్త పెరుగుతుంది. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్‌తో అది తక్కువని కొన్ని అధ్యయనాల్లో కనబడింది. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా, ఇరవై ఏళ్లుగా ఈ మందుల మీద ఉన్న నల్లగీతల పెట్టెలో అచ్చువేసే తీవ్రమైన హెచ్చరికలను చాలావరకు తీయిస్తామని ప్రకటించింది. సంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే వచ్చే క్యాన్సర్ గురించిన హెచ్చరికను మాత్రం ఉంచింది. మొదలుపెట్టే ముందు మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే), బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూసుకోవడం, తర్వాత ఏడాదికోసారి కొనసాగించాలా అని డాక్టర్‌తో కూర్చుని మాట్లాడడం, ఇవి తప్పవు.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తపు గడ్డ వచ్చినవాళ్లు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, కాలేయం దెబ్బతిన్నవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లకు సాధారణంగా ఈ దారి మూసేసి ఉంటుంది. వాళ్లకు సెగలు తగ్గించే వేరే మందులున్నాయి: వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటివి. అవి దిగులుకో నరాల నొప్పికో ఇచ్చేవని మెడికల్ షాపులో ఎవరైనా అంటే బెదిరిపోకండి.

పిక్కలు రెండూ పట్టేసి కాసేపటికి వదిలేస్తే అది ఈస్ట్రోజన్ చిలిపితనం. ఒక్క కాలే వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి నొప్పి పెడితే అది వేరు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, చూపు మసకబారడం, ఎప్పుడూ లేని భయంకరమైన తలనొప్పి కూడా అంతే. వీటికి క్యాలెండరూ వద్దు, మూడు నెలల ఓపికా వద్దు. దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి అప్పటికప్పుడు పోవాలి. పెద్ద ఆపరేషన్ ఏదైనా ముందుంటే హార్మోన్ వాడుతున్నట్టు సర్జన్‌కు చెప్పాలి. రాత్రి బస్సులో హైదరాబాదుకో బెంగళూరుకో పోతున్నా మధ్యలో ఆపినచోట దిగి నాలుగడుగులు వేయడం మంచిది.

మందు మానాలనుకున్నా ఒక్కరోజులో మానితే సెగలు మళ్లీ గుప్పుమనవచ్చు. మెల్లగా తగ్గించుకుంటూ వస్తే ఆ తిరుగుదెబ్బ కాస్త తేలికగా ఉంటుంది.

అక్కను మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ప్రొజెస్టరాన్‌ను రాత్రికి జరిపారు, కళ్లు తిరగడం వారంలో పోయింది. వికారం పూర్తిగా పోకపోవడంతో, పైగా థైరాయిడ్ మాత్ర కూడా వాడుతోంది కాబట్టి, నెల తర్వాత ఈస్ట్రోజన్‌ను జెల్‌కు మార్చారు. రొమ్ముల నొప్పి మూడో నెలకు సద్దుమణిగింది. మరక నాలుగో నెలలో ఆగింది. "ఫ్యాను కింద చేతులు చాపుకోని దిష్టిబొమ్మ మాదిరి నిలబడల్ల మే" అన్నదొక్కటే ఇప్పుడు ఫిర్యాదు. ఆ నాలుగు నెలలూ ఆమె క్యాలెండరులో గుండ్రాలు, చుక్కలు బుద్ధిగా పెట్టింది. పాలు తీసుకున్న రోజుల గుర్తులు కూడా ఆ క్యాలెండరులోనే ఉంటాయి. ఒక నెల మా బావ అన్నీ కలిపి లెక్కేసి, పాలాయనకు మూడు లీటర్లకు ఎక్కువ కట్టాడట.